పాడేవాడు లేని చిట్టీ పాట

మా గల్లీలో అందరికంటే చిన్నవాణ్ణి నేనే. నాకు యాభై రెండేళ్లు. నెత్తి మీద వెంట్రుకలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మెట్లెక్కితే ఎడమ మోకాలు ఒక్కో మెట్టుకు ఒక్కో రాగం తీస్తుంది. అయినా సరే, గల్లీలో ట్యూబ్‌లైట్ మాడిపోయినా, ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయినా పిలుపు నాకే. "అరేయ్ పోరగా, జర నిచ్చెన ఎక్కు" అంటారు. ఎక్కుతాను. కింద నిచ్చెన పట్టుకునే నలుగురి వయసూ కలిపితే మూడు వందలు. వాళ్లు నిచ్చెనను ఆపుతున్నారో, నిచ్చెన వాళ్లను ఆపుతోందో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

సాయంత్రం మా అరుగు మీద ఆరుగురు కూర్చుంటే చాలు, వయసుల మొత్తం చార్మినార్‌ను దాటుతుంది. ఇంకో ఇద్దరొచ్చి కూర్చుంటే గోల్కొండ కోట కూడా లేచి మాకు చోటివ్వాలి.

నాది పాతబస్తీలో గాజుల దుకాణం. దేశం ఎటు పోతోందో పెద్దవాళ్లు పత్రికల్లో రాస్తారు, నేనూ చదువుతాను. కానీ నమ్మేది మాత్రం గాజుల సైజులనే. మా నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రోజుల్లో పసిపిల్లల నల్లగాజులు గంపల్లో వచ్చేవి, వారం తిరిగేసరికి గంప అడుగు కనిపించేది. ఇప్పుడు ఆ గాజుల పెట్టె పై అరలో ఉంది. దాని మీద పేరుకున్న దుమ్ములో మెంతులు చల్లితే ఇంటికి సరిపడా కూర వస్తుంది. నడిచేవన్నీ పెద్ద సైజులు, రెండు-ఎనిమిది, రెండు-పది. కణుపులు వాచిన చేతులకు సబ్బు రాసి ఒక డజను తొడిగేసరికి తొడిగినవాడికీ, తొడిగించుకున్నావిడకూ చెరో నొప్పి బిళ్ల కావాలి. గల్లీ మొగలో పతంగుల దుకాణం మందుల దుకాణమైంది. పలకలు, బలపాలు అమ్మిన చోట రక్తపోటు చూసే మిషన్ పెట్టారు. పిల్లలు లేరా అంటే ఉన్నారు. వాళ్లంతా ఆఫీసులు దగ్గరని ఊరి అవతలి కొసన అద్దె ఫ్లాట్లలో ఉన్నారు. ఆదివారం వస్తారు, ఫోన్లో బిర్యానీ తెప్పిస్తారు, గల్లీలో కారు తిప్పుకోలేక అరగంట చెమటలు కక్కి వెళ్లిపోతారు.

ఇదంతా నవ్వుకునే సంగతిగానే ఉండేది, మా చిట్టీ దాకా వచ్చేవరకు.

చిట్టీ మా నాన్న మొదలుపెట్టింది. ఇరవై వాటాలు, నెలకు వాటాకు ఐదు వేలు. నెలనెలా పోగయ్యే లక్షను పాటలో పెడతారు. అవసరం ఉన్నవాడు "వెయ్యి వదులుకుంటా, లక్ష నాకియ్యండి" అని మొదలుపెడితే, వాడికంటే అవసరం ఉన్నవాడు "రెండు వేలు వదులుకుంటా" అంటాడు. ఎక్కువ వదులుకున్నవాడికి మిగతా సొమ్ము. వదులుకున్నది ఇరవై వాటాలకూ సమానంగా పంచుతారు, ఆ నెల కట్టాల్సింది అంత తగ్గుతుంది. తొందర ఉన్నవాడు వదులుకుంటాడు, తొందర లేనివాడు లాభపడతాడు. అంతే కిటుకు. చిట్టీ నడిపినందుకు నాకు ముట్టేది ఏమీ లేదు, పైగా మిర్చి బజ్జీల ఖర్చు నాదే.

మా నాన్న కాలంలో పాట అంటే పాటే. నెలలో మూడో ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు. ఒకడికి చెల్లె పెళ్లి, ఒకడికి ఆటో, ఒకడికి మిద్దె మీద రేకుల గది. గొంతులు లేచేవి, చెప్పులు లేచేవి. ఒకసారి ఒకాయన పాట అరుపు మా గల్లీలో మొదలైతే ఉప్పుగూడ స్టేషన్‌లో రైలు బయల్దేరిందని మా నాన్న చెప్పేవాడు. నేను నమ్మాను. ఇప్పుడు నేనే ఇంకొంచెం కలిపి చెబుతున్నాను.

ఈసారి కొత్త చిట్టీ మొదలైంది. వాటాలు తీసుకునేవాళ్లు సరిపోక నేను రెండు తీసుకున్నాను. మొదటి నెల అందరూ వచ్చారు. "పాట మొదలు" అన్నాను. బజ్జీలు నమిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అందరి దగ్గరా పెన్షనో, దుకాణం అద్దెనో ఉంది, అవసరమే లేదు. చివరికి డబ్బాలో పేర్లు వేసి చీటీ తీశాం. పిండి గిర్నీ నడిపే ముసలాయన పేరొచ్చింది. "నేనేం జేసిన్రా మీకు?" అన్నాడాయన, పోలీసులు వచ్చి తలుపు తట్టినట్టు. రెండో నెలా ఎవరూ పాడలేదు. చీటీ నాకే వచ్చింది. ఆ లక్ష పట్టుకుని బ్యాంకుకు పోతే, లోపలి అమ్మాయి వడ్డీ ఎంతో చెప్పింది. అంత చిన్న అంకె కాబట్టే ఆమె గొంతు తగ్గించి చెప్పిందనుకుంటాను.

ఆ రోజుల్లోనే టీవీలో ఒకాయన రంగురంగుల గీతలు చూపించి చెప్పాడు. మనది పడుచు దేశమట. పడుచువాళ్లు సంపాదిస్తారు, కొంటారు, అప్పు చేస్తారు, కాబట్టి షేర్ల బజారు పైకి పోతుంది. జనం ముసలివాళ్లయిన దేశాల్లో దాచేవాళ్లు ఎక్కువై, అప్పు తీసుకునేవాళ్లు తక్కువై, వడ్డీ పడిపోతుందట. అరుగు మీద మా టికెట్ల సారు అది విని పళ్లసెట్టు సర్దుకున్నాడు. ముప్పై ఏళ్లు ఉప్పుగూడ స్టేషన్‌లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి.

"మరి ఆ పడుచు దేశం మన గల్లీకి ఏ ప్లాట్‌ఫాం మీద వస్తది? జర కనుక్కొని చెప్పమను" అన్నాడు.

అందరం నవ్వాం. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వరసకు వదిన. డెబ్భై మూడేళ్లు. కాన్పుల దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైంది. నేను పుట్టినప్పుడు నన్ను కూడా మొదట ఎత్తి చూసింది ఆమేనట. "పుట్టంగనే ఏడ్వలేదు, నవ్విండు. అప్పుడే అనుకున్న, వీడు దేనికీ పనికిరాడని" అని ఇప్పటికీ చెబుతుంది. పెన్షన్ వస్తుంది. కిరాణా, కరెంటు, మందులు పోను చిట్టీకి నాలుగు వేల మూడు వందలు మిగులుతాయి. మిగతా ఏడు వందలు ఎప్పుడూ పాట మీద వచ్చే లాభమే పూడ్చేది. ముందే తీసుకుంటే చేతిలో కరిగిపోతాయని ఆఖరి వాటా తనదే కావాలంటుంది, అందుకని డబ్బాలో ఆమె పేరు వేసేవాళ్లమే కాదు. ముప్పై ఏళ్లుగా ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఆమె కొనుక్కున్న ఫ్రిజ్, కమ్మలు, కంటి ఆపరేషన్ అన్నీ ఆ చిట్టీవే.

పాడేవాడు లేకపోతే లాభం లేదు. లాభం లేకపోతే నిండు ఐదు వేలు కట్టాలి. మొదటి నెల పాన్ మానేసింది. రెండో నెల టీవీ కేబుల్ పీకించింది. "మస్తు ప్రశాంతంగున్నది కొడుకా" అంది. తర్వాత ఒకరోజు ఆమె మందుల డబ్బా చూశాను. బీపీ మాత్రలన్నీ సగానికి విరిచి ఉన్నాయి. నేను జేబులోంచి ఏడు వందలు తీశాను. ఆమె నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఆ నాలుగు రోజులూ దుకాణం ముందునుంచి పోతూ నా గాజులు బాగా లేవని దారిన పోయేవాళ్లకు చెప్పింది.

ఇక నా బుర్రలో పురుగు తొలిచింది. మూడో నెల పాటకు ముందు టైలరన్నను పక్కకు పిలిచాను. గల్లీ మొగలో కుట్టు మిషన్ పెట్టుకుని యాభై ఏళ్లుగా పాంట్లు కుడుతున్న మనిషి.

"అన్నా, ఊరికే ఒక మాట అను. వెయ్యి అను. వేడి పుడతది. ఎవరో ఒకరు రెండు వేలంటరు, నువ్వు మూడని ఊకో."

"నాకే తగుల్తే?"

"తగలది. ఫికర్ జేయకు."

ఐదు గంటలకు టైలరన్న గొంతు సవరించి "వెయ్యి" అన్నాడు. టికెట్ల సారు తలెత్తాడు. వీళ్లిద్దరికీ పాత పంచాయితీ ఒకటుంది. సారు రిటైర్‌మెంటు సన్మానానికి టైలరన్న కుట్టిన పాంటు, సారు దండ వేయించుకోవడానికి వంగిన క్షణంలో వెనక చిరిగింది. సభలో చప్పట్ల కంటే ఆ చప్పుడే గట్టిగా వినబడిందంటారు.

"రెండు వేలు" అన్నాడు సారు.

"మూడు."

నేను టైలరన్నకు కన్ను కొట్టాను, చాలని. ఆయన నా వైపు చూస్తే కదా!

"నాలుగు వేలు! కొలతలు సరిగ్గ తీయరానోనికి లక్ష ఎందుకయ్యా?"

"ఆరు! తిండి తగ్గియ్యరానోనికి కొలతెందుకు సారూ?"

ఎనిమిది, పది, పదమూడు. ఇద్దరి వయసూ కలిపి నూట యాభై. పదమూడు వేలకు సారు లేచి నిలబడ్డాడు, పదిహేను వేలకు టైలరన్న చొక్కా పైగుండీ విప్పాడు. నేను దగ్గి, తుమ్మి, బజ్జీల పళ్లెం కింద పడేశాను. లాభం లేదు. సారు "పద్దెనిమిది!" అని అరిచేసరికి టైలరన్నకు దమ్ము అందక కూర్చుండిపోయాడు. అందరికీ తలా తొమ్మిది వందలు మిగిలాయి. పెద్దమ్మ ఆ సాయంత్రమే పాన్ తెప్పించుకుంది. ఎర్రబడ్డ నోటితో నన్ను చూసి నవ్వింది. అందులో అనుమానం పావు వంతు ఉంది.

సారు చేతిలో ఎనభై రెండు వేలు మిగిలాయి. దేనికో ఆయనకే తెలియదు. వారం రోజులు సంచీని దిండు కింద పెట్టుకుని పడుకుని, మెడ పట్టేసి, మెడ కోసం ఆ డబ్బంతా పెట్టి మసాజ్ కుర్చీ కొన్నాడు. నల్లగా, ఏనుగంత ఉంది. ధూల్‌పేట్ నుంచి పెద్ద వినాయకుణ్ణి తెచ్చినట్టు ట్రాలీ ఆటో మీద తాళ్లు కట్టి తెచ్చారు. సారు ఇంటి తలుపు ఆయన తాత కాలంది, సన్నటి మనిషి కూడా పక్కకు తిరిగి పోవాలి. కుర్చీని అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా తిప్పారు. ఆఖరికి ఆ ఇంటి ముందున్న, మేమందరం కూర్చునే అరుగు మీదే దించి, కిటికీలోంచి వైరు లాగి, పైన తార్పాలిన్ కప్పారు.

ఆ రోజు నుంచి మా గల్లీకి తీర్థయాత్ర మొదలైంది. ఒక్కొక్కరికి పది నిమిషాలు. కుర్చీ నడుస్తుంటే మాటలన్నీ "అ-అ-అ-అన్నా" అని వణికేవి. టైలరన్న కూడా పగ మరిచి వచ్చాడు. కూర్చున్నాడు. కుర్చీ వీపు నొక్కింది. ఆ సుఖంలో నోరు జారాడు.

"స-స-సారూ, నాకేం అ-అ-అవసరం లేకుండె. వీ-వీడే పాడమన్నడు."

సారు స్విచ్చి ఆపాడు. గల్లీ మొత్తం నా వైపు తిరిగింది.

"ముప్పై ఏండ్లు కౌంటర్ల కూసున్న. దొంగ నోటు పట్టిన, దొంగ పాస్ పట్టిన. నిన్ను పట్టలేకపోయిన" అన్నాడు సారు. "ఇగ విను. వచ్చే ఆదివారం నిజంగ అవసరమున్నోడు ఒక్కడన్న పాడాలె. లేకుంటే చిట్టీ బంద్. ఎవని పైసలు వానికి లెక్కజేసి ఇచ్చెయ్."

అందరూ తలలూపారు. కొందరివి మామూలుగానే ఊగుతాయి కాబట్టి నేను రెండుసార్లు చూశాను. నిజంగానే ఊపారు. పెద్దమ్మ మింగబోయిన పాన్‌ను బుగ్గన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

చిట్టీ మూతపడితే ఆమెకు చేతికొచ్చేది ఇప్పటిదాకా కట్టిన కాస్త. ఆ తర్వాత నెలనెలా దాచుకునే చోటూ లేదు, మిగిలే లాభమూ లేదు. కొడుకు దగ్గర అడగాలి. కొడుకు మంచివాడే, అడిగితే ఇస్తాడు. అడగడమే ఆమెకు రాదు. కాన్పుల గదిలో ఎంతమందికో ఎన్నో నేర్పింది, అదొక్కటి మాత్రం నేర్చుకోలేదు.

నాకు వారం రోజుల గడువు. యాభై లోపు వయసున్న, డబ్బు అవసరమున్న మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాను. ఊరి అవతలి కొసనున్న మా అన్న కొడుక్కు ఫోన్ చేశాను.

"బాబాయ్, చిట్టీనా? అప్పు కావాలంటే ఫోన్లో రెండు నిమిషాలు. దాచుకునేది ప్రతి నెలా ఫండ్‌లో దానంతటదే పోతుంది. మీటింగ్‌లో ఉన్నా, తర్వాత మాట్లాడతా."

వాడి డబ్బు ఫోన్లోంచే వస్తుంది, ఫోన్లోకే పోతుంది. మధ్యలో బజ్జీలు లేవు, పాత పాంటు గొడవలు లేవు. నేను మేనల్లుళ్లకు, వాళ్ల తోడల్లుళ్లకు, చివరికి తప్పు నంబరుకు కూడా చేశాను. తప్పు నంబరువాడే కాస్త ఓపికగా విన్నాడు.

గురువారం మధ్యాహ్నం దుకాణంలో తల పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మ నాకు ధైర్యం చెప్పడానికి వచ్చి, అదెలాగో తెలియక నన్ను తిడుతోంది. పైనుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"ఎవరో సీరియల్ పెట్టిన్రు" అన్నాను.

పెద్దమ్మ తిట్టు మధ్యలో ఆపి చెవి పైకెత్తింది.

"సీరియల్ కాదు. మూడు నెలల పిల్ల. కడుపుల గాలి పట్టింది. కాళ్లు ముడుసుకొని ఏడుస్తున్నది."

"గల్లీల పసిపిల్ల యాడుంది పెద్దమ్మా? తొమ్మిదేండ్లాయె."

"నా చెవి ముసలిదైందా, నా విద్దె ముసలిదైందా? నడువ్."

మా దుకాణం మీద రెండంతస్తులు. అద్దెకిచ్చిన లక్క గాజుల కార్ఖానా పైన ఉంది. ఇరవై రెండు మెట్లు. ఎవరెస్టు ఎక్కినవాళ్లు కూడా మధ్యలో గుడారాలు వేసుకుంటారు. మేం మూడు చోట్ల ఆగాం. నా మోకాలు, ఆమె రెండు మోకాళ్లు కలిసి మెట్ల మీద కచేరీ చేశాయి.

పైన తలుపు తీశాను. ఎనిమిది మంది పడుచువాళ్లు నేల మీద కూర్చుని కుంపట్ల దగ్గర లక్క కాచి చుడుతున్నారు, అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటే అతుకుతున్నారు. అందరూ బిహారు నుంచి వచ్చినవాళ్లు. నాలుగేళ్లుగా ఆ గాజులే కొని అమ్ముతున్నాను, ఆ చేతులు ఎవరివని ఎన్నడూ చూడలేదు. మూలన దుప్పటి పరదా. దాని వెనక ఒకతని భార్య, ఆమె ఒళ్లో ఏడుస్తున్న పసిది. అతనికి పాతికేళ్లుంటాయి. చప్పున లేచి నిలబడ్డాడు, ఖాళీ చేయమనడానికి వచ్చామనుకుని.

పెద్దమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లను బోర్లా తన మోచేతి మీద వేసుకుని వీపు నిమిరింది. పిల్ల నుంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. ఏడుపు ఆగింది. గదిలో ఎనిమిది మంది పడుచువాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

"అయిపాయె" అంది పెద్దమ్మ. "గింత దానికి పిల్లనిట్ల ఏడిపిస్తున్నరా?"

గల్లీ ముసలిదైపోయిందని ఏడాదిగా లొల్లి చేస్తున్నాం. మేం లెక్కపెట్టింది ఇళ్లు ఉన్నవాళ్లను. మా నెత్తి మీద నడుస్తున్నవాళ్లను ఒక్కరమూ లెక్కపెట్టలేదు. టీవీ ఆయన చెప్పిన పడుచు దేశం ఏ ప్లాట్‌ఫాం మీదా దిగలేదు, మా మిద్దె మీదే ఉంది. నెలనెలా నాకు అద్దె కూడా కడుతోంది.

నేను పిల్ల తండ్రిని అడిగాను, డబ్బు అవసరమేమైనా ఉందా అని.

"సేఠ్, అప్నా కార్ఖానా డాల్నా హై" అన్నాడు. సొంతంగా పెట్టుకోవాలట. రెండు కుంపట్లు, లక్క, రాళ్లు, ఒక చిన్న గది. ఫోన్ అప్పుకు అడిగిన కాగితాలు అతని దగ్గర లేవు. నాకు అతన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. నెలకు ఐదు వేలు కట్టగలవా అంటే, ఇద్దరం పనిచేస్తాం, కట్టగలమన్నాడు. చిట్టీ సంగతి విడమరిచి చెప్పి, నా రెండో వాటా అతనికి మార్చాను. ఇప్పటిదాకా నేను కట్టింది మెల్లగా ఇవ్వమన్నాను.

ఆదివారం ఐదు గంటలు. అరుగు మీద కుర్చీ, చుట్టూ మేము. అతను భార్యతో, పిల్లతో వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. టికెట్ల సారు కళ్లజోడు పైకి నెట్టాడు.

"ఇంతకుముందు దొంగ పాట. ఇప్పుడు కొత్త మనిషి. లక్ష ఎత్తుకొని రేపు రైలెక్కి పోతే ఎవడు జవాబు?"

"నేను" అన్నాను.

"నీ జవాబు మేం చూసినం."

సారు అతన్ని దగ్గరికి పిలిచి, కౌంటర్ కిటికీలోంచి చూసినట్టు చూసి, ఊరు నుంచి వచ్చేటప్పుడు ఎలాంటి టికెట్ కొన్నావని అడిగాడు. "ఆతే వఖ్త్ టికెట్ కైసా లియే? రిటర్న్?"

"నహీ సాబ్. ఏక్ తరఫ్ కా. తీన్ టికెట్. మై, ఘర్‌వాలీ, ఔర్ మా కా సందూక్ భీ లాయే."

రిటర్న్ లేదు, ఒకవైపు టికెట్లే. సారు ముఖం మారింది. మా వైపు తిరిగాడు.

"మూడు టికెట్లన్నడు, ఇద్దరు మనుషులన్నడు. ఆ సందుగు పెట్టె ఎంత పెద్దదంటే టీసీ దానికి కూడా టికెట్ కొట్టి ఉంటడు" అన్నాడు. "పోయేటోడు సంచీతోని వస్తడు. పెండ్లాన్ని, తల్లి సందుగును తెచ్చుకున్నోడు యాడికీ పోడు. ముప్పై ఏండ్లు చూసిన. పాడనియ్."

నేను లేచి "పాట మొదలు" అన్నాను. నా గొంతు వణికింది. కుర్చీ ఆపే ఉంది.

అతను చేతులు జోడించాడు. మళ్లీ ఇలాంటి అవకాశం రాదనుకున్నాడో, చెప్పింది కంగారులో మరిచాడో, మొదటి మాటే "చాలీస్ హజార్" అన్నాడు.

నలభై వేలు! తలా రెండు వేలు. ముసలి కళ్లు ఒక్కసారి పెట్రోమాక్స్ లైట్లయ్యాయి. పిండి గిర్నీ ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి, సరిపోక నా వేళ్లు పట్టుకున్నాడు. పెద్దమ్మ ఆ నెల మూడు వేలు కడితే చాలు. పాన్, కేబుల్, నిండు మాత్రలు, పైన ఇంకా మిగులు. పాట ధర్మం ప్రకారం నేను మూడుసార్లు చెప్పి కొట్టేయాలి.

"నలభై వేలు ఒకటోసారి" అన్నాను. ఎవరూ కదల్లేదు. "నలభై వేలు రెండోసారి..."

"ఆగురా!"

పెద్దమ్మ లేచింది. మోకాళ్లు పటపటమన్నాయి.

"ఇదేం పాట? పోరడు తెల్వక నోరు జారిండు. గీ పిల్ల పాల పైసలు మనం పంచుకుంటమా? సిగ్గుండాలె." అతని వైపు తిరిగింది. "బేటా, ఐసా నై గాతే. ఏక్ హజార్‌సే షురూ కర్."

అతను బిత్తరపోయి "ఏక్ హజార్" అన్నాడు.

ఇప్పుడు పోటీ పాడేవాడు లేడు. వెయ్యికే కొట్టేస్తే తలా యాభై రూపాయలు. ఆ సంగతి పెద్దమ్మకు మాట నోట్లోంచి వచ్చాక తట్టినట్టుంది. మెల్లగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. నా వైపు మాత్రం చూడలేదు, కొట్టెయ్యమన్నట్టు చెయ్యి ఊపింది. "వెయ్యి ఒకటోసారి" అన్నాను.

"రెండు వేలు" అన్నాడెవరో.

టికెట్ల సారు! మసాజ్ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని.

"సారూ, మీరు చిట్టీ ఎత్తుకున్నరు గద. మీకు పాడే హక్కు లేదు" అన్నాను.

"దొంగ పాట నువ్వు నేర్పిందే గద! ఇయ్యాల నేను పట్టపగలు పాడుతున్న. అందరికీ ఎరికే. ఏమయ్యా టైలరూ, నువ్వు పాడవా?"

"మూడు వేలు" అన్నాడు టైలరన్న, గుండీ విప్పుతూ.

అతను మా ముఖాలు చూసి అర్థం చేసుకున్నాడు, "చార్" అన్నాడు. ఇక గల్లీ నిద్ర లేచింది. ఐదు, ఏడు, తొమ్మిది. సారు ఒకటంటాడు, టైలరన్న ఒకటంటాడు, అతను నవ్వుతూ పైన ఒకటి వేస్తాడు. పిండి గిర్నీ ఆయన కూడా ఉండబట్టలేక పాడాడు, ఆయన మొదటి నెలే ఎత్తుకున్న మనిషి. పధ్నాలుగు దగ్గర సారు ముక్కు మీద వేలేసుకుని పెద్దమ్మ వైపు చూశాడు. తలా ఏడు వందలు, పెద్దమ్మకు నెలనెలా తక్కువపడేది సరిగ్గా అంతే. ఆమె నేల చూపు చూస్తోంది.

"పదిహేను" అన్నాడు సారు.

"సోలా" అన్నాడతను.

సారు రెండు చేతులూ పైకెత్తాడు. "ఇగ నావల్ల గాదు. వీడు మస్తు మొండోడు." టైలరన్న గుండీ పెట్టుకున్నాడు. పదహారు వేలకు మూడుసార్లు చెప్పి కొట్టేశాను. అతని చేతికి ఎనభై నాలుగు వేలు. అందరికీ తలా ఎనిమిది వందలు. షేర్ల బజారు గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ అందరూ కళ్లెదుట మోసం చేసి, ఒక్కరూ నష్టపోని బజారు మాత్రం నేను ఆ రోజు మా అరుగు మీద చూశాను.

పెద్దమ్మ నాలుగు వేల రెండు వందలు లెక్కపెట్టి ఇచ్చింది. ఆమె మూటలో ఇంకో వంద మిగిలింది. మరునాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి పై అర చూపించింది.

"ఆ నల్లగాజులు దింపు."

స్టూలెక్కి పెట్టె దింపాను. దుమ్ముకు ఇద్దరం పదకొండుసార్లు తుమ్మాం. చిన్న జత ఒకటి ఏరింది. నూరు రూపాయలన్నాను. నలభై అంది. తొమ్మిదేళ్లుగా పడి ఉన్న సరుకు అంది, నేను పుట్టినప్పుడు చేసిన చాకిరీ అంది, గల్లీలో నా పరువు అంది. యాభైకి ఒప్పుకున్నాను. పాట అయితే ఇంతకంటే మర్యాదగా జరిగేది.

పిల్ల కోసం మెట్లెక్కుదామని బయటికి వచ్చాం. ఎక్కాల్సిన పని లేకపోయింది. అరుగు మీద మసాజ్ కుర్చీ అన్నింటికంటే మెల్లటి నంబరు మీద ఊగుతోంది. అందులో పిల్ల పడుకుని నిద్రపోతోంది. పక్కన టికెట్ల సారు గడియారం చూసుకుంటున్నాడు.

"పది నిమిషాలు అయిపోయినయి సారూ, నా వంతు" అన్నాడు టైలరన్న.

"లైన్ల నిలవడు" అన్నాడు సారు. "ఈమెకు రిజర్వేషన్ ఉన్నది."

పెద్దమ్మ వంగి, పిల్ల నిద్ర చెడకుండా నల్లగాజులు తొడిగింది. సబ్బు అవసరం పడలేదు.